పాత విగ్రహం కొనేముందు వీపు చూడండి

అమ్మేవాళ్ళు విగ్రహాన్ని ఎప్పుడూ మొహం మనవైపు ఉండేలా, పక్కనుంచి వెలుగు పడేలా నిలబెడతారు. చూడగానే మనసు పడిపోతుంది, బేరం అక్కడే సగం కుదిరిపోతుంది. అందుకే ఈ వ్యవహారంలో చెయ్యి తిరిగినవాళ్ళు ముందు విగ్రహాన్ని వెనక్కి తిప్పమంటారు, తర్వాత తలకిందులు చెయ్యమంటారు. నకిలీ చేసేవాడి శ్రద్ధంతా మొహం మీదే ఖర్చయిపోతుంది. వీపు, పీఠం అడుగు, కిరీటం వెనకభాగం దగ్గరికొచ్చేసరికి ఓపిక ఉండదు. నగకైతే రాళ్ళున్న వైపు కంటే వంటిని తాకే వైపు ఎక్కువ చెబుతుంది. వస్తువు వెంట వచ్చే కథదీ ఇదే సంగతి. చెప్పే మాటలు ముందువైపు అనుకుంటే, కాగితాలు వీపు.

ముందు చట్టం

పాత వస్తువులు సేకరించాలంటే కన్ను తర్వాత సంగతి, ముందు చట్టం తెలియాలి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. శిల్పమైనా, నగైనా, నాణెమైనా, చెక్కపనైనా నూరేళ్ళు దాటితే పురావస్తువు కిందే లెక్క. శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకు 75 ఏళ్ళు చాలు.

ఈ చట్టంలో రిజిస్ట్రేషన్ ఒకటి, ఎగుమతి ఒకటి. చాలామంది ఈ రెంటినీ కలిపేసి గందరగోళపడతారు. రిజిస్ట్రేషన్ అన్ని పాత వస్తువులకీ అక్కర్లేదు. రాతి, మట్టి, లోహ, దంత, ఎముక శిల్పాలు, చెక్కలో చెక్కిన బొమ్మలు, పాత చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు, వీటికి తప్పనిసరి. అలాంటి వస్తువు మీ చేతికి వచ్చిన 15 రోజుల్లోగా భారత పురావస్తు శాఖ రిజిస్టరింగ్ అధికారికి ఫొటోలతో దరఖాస్తు పెట్టాలి. కొన్నా, బహుమతిగా వచ్చినా, తాతగారి వాటాలో వచ్చినా నియమం ఒకటే. "మా ఇంట్లో పూజలో ఉన్నది కదా" అంటే మినహాయింపు దొరకదు. పూజలో ఉండటం ఒక్కచోట మాత్రం అక్కరకొస్తుంది: నిజంగా ఆరాధనలో ఉన్న వస్తువును ప్రభుత్వం నిర్బంధంగా తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. రిజిస్ట్రేషన్ ఎగ్గొడితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వస్తువునూ స్వాధీనం చేసుకోవచ్చు.

నగలు రిజిస్ట్రేషన్ జాబితాలో లేవు. ఎగుమతి నిషేధం మాత్రం వాటికీ వర్తిస్తుంది, చిక్కంతా ఇక్కడే. నూరేళ్ళు దాటిన ఏ పురావస్తువునైనా విదేశాలకు పంపే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది నియమించిన సంస్థకు తప్ప ఎవరికీ లేదు. అమెరికాలో ఉన్న మనవరాలికి ముత్తవ్వ కాసులపేరు ఇవ్వాలనుకున్నా, అబ్బాయి కొత్తింటి పూజగదికి పాత వేణుగోపాలస్వామిని సూట్‌కేసులో పెట్టి పంపాలనుకున్నా, ఆ వస్తువు నూరేళ్ళది అయితే అది నేరమే. శిక్ష ఆరు నెలలకు తగ్గదు, మూడేళ్ళ దాకా పడొచ్చు. వస్తువు చూడటానికి పాతగా ఉండి, నిజానికి నూరేళ్ళ లోపుదైతే పురావస్తు శాఖ నిపుణులకు చూపించి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకున్నాకే ప్రయాణం కట్టాలి. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళకు నోటిమాటతో నచ్చజెప్పడం కుదరదు. అది పురావస్తువా కాదా అన్నదాని మీద ఆఖరి మాట పురావస్తు శాఖదే.

అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. అడిగితే చూపించాలి. చూపించడానికి మొహమాటపడే దుకాణంలో మీరు మొహమాటపడకుండా బయటికి వచ్చేయండి.

దంతం, పులిగోరు గురించి ఒక్కమాటతో సరిపెడతాం: కొనొద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో దంతం అమ్మకం నిషిద్ధం, నూరేళ్ళ నాటిదైనా వెసులుబాటు లేదు. బంగారంలో పొదిగిన పులిగోరు లాకెట్టుదీ ఇదే పరిస్థితి.

ఎక్కణ్ణుంచి వచ్చింది?

బజార్లో ఎక్కువగా వినబడే జవాబు "పాత జమీందారు కుటుంబం నుంచి". ఏ ఊరు, ఎవరి పేరు, ఏ సంవత్సరం అని అడగండి. వాళ్ళింట్లో ఆ వస్తువు కనబడే పాత ఫొటో, పంపకాల కాగితం, వీలునామా, పాత బిల్లు, రిజిస్ట్రేషన్ పత్రం, వీటిలో ఒక్కటైనా ఉండాలి. రిజిస్ట్రేషన్ పత్రం ఉంటే దాని మీది ఫొటోను వస్తువు పక్కన పెట్టి ఒక్కొక్క దెబ్బ, ఒక్కొక్క గీత సరిచూడండి. ఒక వస్తువు పత్రంతో మరో వస్తువును అమ్మడం కొత్తేమీ కాదు. ఎత్తు మిల్లీమీటర్లలో కొలవండి. మైనపు అచ్చుతో పోసిన రెండు విగ్రహాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు కాబట్టి ఈ సరిచూడటం అనుకున్నంత కష్టం కాదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, తమిళనాడులోని శ్రీపురందన్ గుడి నటరాజ విగ్రహాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2008లో సుమారు 50 లక్షల డాలర్లకు కొంది. దొంగసొత్తని తేలి 2014లో తిరిగి ఇచ్చేసింది. అదే గ్యాలరీ ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్థలానికి చెందిన సున్నపురాయి శిల్పాన్నీ 2016లో మనకు అప్పగించాల్సి వచ్చింది. నిపుణులు, న్యాయవాదులు ఉన్న పెద్ద సంస్థే కాగితాల మాయలో పడింది. అలాంటి వస్తువు మన చేతిలో పడితే డబ్బు పోవడమే కాదు, కేసు కూడా నెత్తిన పడుతుంది.

శ్రీపురందన్ నటరాజును పట్టిచ్చింది పాత ఫొటోలే. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ దశాబ్దాలుగా దక్షిణాది ఆలయాల విగ్రహాలకు తీసిన ఫొటోల భాండారం అలాంటి ఎన్నో కేసుల్లో సాక్ష్యమైంది. కొనేముందు మీరు చెయ్యగలిగిన తనిఖీ కూడా ఉంది. ఇంటర్‌పోల్ ఐడీ-ఆర్ట్ అనే యాప్ ఉచితం, అందులో ఫొటో పెట్టి దొంగిలించిన వస్తువుల జాబితాతో పోల్చి చూడొచ్చు. లండన్‌లోని ఆర్ట్ లాస్ రిజిస్టర్ రుసుము తీసుకుని వెతికిపెడుతుంది. జాబితాలో లేకపోతే మంచిదేనని మాత్రం అనుకోకండి. పల్లెటూరి గుళ్ళలో ఫొటో అన్నదే తీయని విగ్రహాలు వేలకు వేలు.

గుడి సొత్తుకు గుర్తులు వస్తువు మీదే కనబడతాయి. ఇంటి పూజ విగ్రహాలు మామూలుగా జానెడు లోపే ఉంటాయి. ఉత్సవమూర్తి పెద్దది, బరువైనది. ఊరేగింపులో మోతకర్రలు దూర్చడానికి, వాహనం మీద కట్టడానికి పీఠానికి రంధ్రాలో కడియాలో ఉంటాయి, ప్రభావళి నిలబెట్టడానికి పక్కల మేకుల్లాంటివి ఉంటాయి. పీఠం అంచున అక్షరాలు ఆకురాయితో అరగదీసినట్టు, ఆ మేర లోహం మిగతా చోటికంటే చదునుగా, కొత్తగా కనబడితే అక్కడ ఊరి పేరో దాత పేరో ఉండేదన్నమాట. దాన్ని ముట్టుకోవద్దు. రథం చెక్కలు, గుడి తలుపుల ముక్కలు, స్తంభాల బోదెలు కూడా ఇంతే. "జీర్ణోద్ధారణప్పుడు తీసేసినవి" అంటారు. తీసేసినా అవి గుడి ఆస్తే. దేవాదాయ శాఖ అనుమతి, వేలం కాగితం లేకుండా అమ్మే హక్కు అర్చకుడికీ ఉండదు, ధర్మకర్తకీ ఉండదు.

ఊరి పొలిమేరలో పడి ఉన్న వీరగల్లు, నాగశిల, విరిగిన నంది ఎవరివీ కావనుకోవడం ఇంకో పొరపాటు. భూమిలో దొరికినదైతే 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పి తీరాలి. చెప్పాల్సిన వస్తువుకు ఆ చట్టం పెట్టిన కనీస విలువ పది రూపాయలు, అంటే ఈ రోజుల్లో ఏది దొరికినా చెప్పాల్సిందే.

లోహ విగ్రహం

వెంట తీసుకెళ్ళాల్సినవి: పదింతలు పెద్దది చేసే కంసాలి భూతద్దం, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, చిన్న అయస్కాంతం, కొలత టేపు, గ్రాములు చూపే తూకం, దూదిపుల్లలు, కొద్దిగా అసిటోన్ (గోళ్ళరంగు తుడిచే ద్రవం). అసిటోన్ వాడేముందు అమ్మేవాళ్ళ అనుమతి అడగాలి. వద్దన్నారంటే ఆ కాదనడమూ ఒక సమాచారమే.

దక్షిణాది కంచు విగ్రహాలు ఎక్కువగా ఘనంగా పోసినవి. లోపల డొల్ల ఉండదు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. అందువల్ల అతుకు గీత ఉండదు. చేతికింద, కాళ్ళ మధ్య, చెవుల వెనక భూతద్దంతో చూసినప్పుడు రెండు సగాల అచ్చు కలిసిన సన్నని గట్టు కనబడితే అది వేరే పద్ధతిలో పోసినది. అసలు విగ్రహం నుంచి అచ్చు తీసి పోసిన నకలైతే అసలుకంటే కొద్దిగా చిన్నదవుతుంది, హారాల పూసలు కలిసిపోయి మెత్తబడి ఉంటాయి. యజ్ఞోపవీతం వీపు మీదికి ఎలా వెళ్ళిందో చూడండి. తెలిసిన శిల్పి దాన్ని వీపు మీద కూడా పూర్తిగా నడిపిస్తాడు. జుట్టు పాయలు మెడ మీద ఎలా పడ్డాయి, శిరశ్చక్రం తలకు ఎలా అతికింది, నడుం పట్టీ ముడి ఎక్కడ పడింది, ఇవి మొహం కంటే నిజం చెబుతాయి.

అరుగుదలకు ఒక లెక్క ఉంటుంది. ఏళ్ళ తరబడి అభిషేకం, చందనం, తుడవడం జరిగితే ముక్కు, బుగ్గలు, మోకాళ్ళు, పొట్ట, బయటికి పొడుచుకొచ్చిన వేళ్ళు అరుగుతాయి. చంకలు, కిరీటం గాడులు, పీఠం రేకుల మధ్య అరగవు, అక్కడ నూనె జిడ్డు, గంధం గట్టిపడి ఉంటుంది. నకిలీలో ఇది తారుమారవుతుంది. ఇసుకతోనో యంత్రపు బ్రష్‌తోనో రుద్దుతారు కాబట్టి గాడుల అంచులు కూడా ఒకే మాదిరి మెత్తబడతాయి. చెయ్యి చేరని చోట అరుగుదల ఉందంటే అనుమానించాల్సిందే.

ఇక చిలుము. భూమిలో వందల ఏళ్ళు ఉన్న కంచు మీద లోహాన్ని అంటుకుని ముదురెరుపు పొర, దాని మీద ఆకుపచ్చ పొర గట్టిగా పెరుగుతాయి. గోటితో గీరితే రాదు. నవాసాగరం, ఆమ్లాలు, ఉప్పునీళ్ళతో కొన్ని వారాల్లో తెప్పించిన పచ్చదనం పొడిపొడిగా ఉంటుంది, కింద ఎర్రపొర ఉండదు, పచ్చ ఊడిన చోట పసుపుపచ్చని కొత్త లోహం కనబడుతుంది. రంగు కలిపిన జిగురైతే అసిటోన్ తడిపిన దూదిపుల్లకు అంటుకుంటుంది. అతినీలలోహిత టార్చి కింద జిగురు, కొత్త పూతలు పాలవెలుగులా మెరుస్తాయి. పీఠం అడుగున ఒక చిన్న చోట చూస్తే చాలు, మొహం మీద పరీక్షలు చేయకండి. మరో మాట: తరతరాలుగా పూజలో ఉన్న విగ్రహానికి పచ్చ చిలుము ఉండకపోవడమే సహజం. నున్నగా, తేనెరంగులో ఉంటుంది. "మా ఇంట్లో ఎప్పుడూ పూజలో ఉంది" అంటూనే ఒళ్ళంతా మట్టి, పచ్చచిలుము ఉన్న విగ్రహం చూపిస్తే రెండు మాటల్లో ఒకటి అబద్ధం. అది నకిలీ అయినా కావాలి, తవ్వి తీసినదైనా కావాలి.

శైలి చదవడం పుస్తకాలతో కాదు, మ్యూజియంలోనే వస్తుంది. చెన్నై ఎగ్మూరు మ్యూజియం కంచు విభాగం, తంజావూరు కళామందిరం, హైదరాబాద్ సాలార్‌జంగ్, విజయవాడ బాపు మ్యూజియం, వీటిలో ఒక్క దేవుణ్ణి ఎంచుకుని అన్ని కాలాల విగ్రహాలు వరసగా చూడండి. విష్ణువు చేతిలో చక్రం ఉదాహరణకు తీసుకుందాం. పల్లవుల కాలంలో, తొలి చోళుల కాలంలో చక్రం అంచు మనవైపు ఉంటుంది, విసరడానికి సిద్ధంగా ఉన్నట్టు. తర్వాతి కాలాల్లో చక్రం బిళ్ళలా మనవైపు తిరుగుతుంది. విజయనగర కాలానికి ముక్కు కోసుగా, నిలుచున్న తీరు బిగుసుకుపోయినట్టు ఉంటుంది. "పదో శతాబ్దం చోళ" అని చెప్పి, విజయనగరపు ముక్కు, బిళ్ళలా మనవైపు తిరిగిన చక్రం ఉన్న విగ్రహాన్ని చూపిస్తే వయసు కనీసం నాలుగైదు వందల ఏళ్ళు తగ్గించుకోవచ్చు, అదీ అసలైనదైతే.

ప్రయోగశాల మీద మరీ ఆశ పెట్టుకోకండి. థెర్మోల్యూమినెసెన్స్ పరీక్ష కాలిన మట్టి వయసు చెబుతుంది. మట్టిబొమ్మలకు, లోపల మట్టి మిగిలిన డొల్ల విగ్రహాలకు పనికొస్తుంది. ఘనంగా పోసిన మన కంచులో మట్టే ఉండదు కాబట్టి పరీక్షే కుదరదు. మట్టి ఉన్న వస్తువుకు ముందే ఎక్స్‌రే తీయిస్తే ఆ రేడియేషన్ వల్ల వయసు లెక్క తప్పుతుంది, అందుకని ఈ పరీక్ష చేయించాకే ఎక్స్‌రే. ఎక్స్ఆర్ఎఫ్ యంత్రం పైపొర లోహాల పాళ్ళు చెబుతుంది తప్ప వయసు చెప్పదు. యూరప్ వస్తువుల విషయంలో జింకు ఎక్కువుంటే కొత్తది అనే సూత్రం వాడతారు. అది ఇక్కడ పనిచెయ్యదు, రాజస్థాన్‌లోని జావర్‌లో శతాబ్దాల కిందటే ఖనిజాన్ని వేడిచేసి జింకును ఆవిరిగా తీశారు.

పంచలోహంలో బంగారం ఎంతుంది అన్న ప్రశ్నతో వచ్చేవాళ్ళతో బేరం పెట్టుకోకండి. బియ్యపు గింజలను లాగే పాత్ర, ఇరిడియం కలిసిన చెంబు, పిడుగు పడిన రాగి అంటూ లక్షలు గుంజే "రైస్ పుల్లింగ్" ముఠాలు మన రెండు రాష్ట్రాల్లోనూ దొరికిపోతూనే ఉన్నాయి. గింజల్లో ఇనుపరజను, పాత్రలో అయస్కాంతం, అంతకుమించి అందులో ఏమీ లేదు.

పూజకే కావాలనుకుంటే తమిళనాడులోని స్వామిమలై స్థపతుల దగ్గర కొత్తది చేయించుకోవడమే మేలు. శాస్త్ర ప్రకారం కొలతలుంటాయి, బిల్లు ఉంటుంది, రిజిస్ట్రేషన్ గొడవ ఉండదు. వాళ్ళు పాతరంగు వేసి ఇచ్చేది మోసం కాదు. దాన్ని మూడో మనిషి పాతదని అమ్మడం మోసం.

రాయి

ప్రాంతానికి తగ్గ రాయి ఉండాలి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు తెల్లగా, లేత ఆకుపచ్చ జీరతో ఉండే పలనాటి సున్నపురాయి. కాకతీయులది నల్లని గట్టిరాయి. హొయసలది ఉలికి మెత్తగా లొంగే బలపపు జాతి రాయి. మథురది మచ్చల ఎర్ర ఇసుకరాయి. "అమరావతి" అంటూ గ్రానైటు చూపిస్తే మాట్లాడాల్సిందేమీ లేదు.

రాయిని ఎప్పుడు చెక్కారో చెప్పే పరీక్ష లేదు. మిగిలింది పనిముట్టు గుర్తులు, వాతావరణం చేసిన మార్పు. గాడుల అడుగున సమాన దూరంలో ఒకే లోతు గీతలుంటే అది గ్రైండరు. విరిగిన చోటు కూడా చూడండి. విరుపు లోపలి రంగు, పైతలం రంగు ఒకేలా ఉంటే పాతరంగు వేయకముందే విరగ్గొట్టి ఉండొచ్చు. నకిలీలో ముక్కు, ఒక చెయ్యి మాత్రమే విరిగి, అందమంతా భద్రంగా మిగిలిపోతుంది. కాలం అంత దయగా ఉండదు. అతినీలలోహిత వెలుగులో కొత్తగా చెక్కిన పాలరాయి ఊదారంగులో, పాత తలం పసుపు తెలుపు మచ్చలతో కనబడుతుంది. ఈ పరీక్ష చీకటి గదిలోనే చెయ్యాలి. గ్రానైటు, నల్లరాయి మీద అది పెద్దగా ఏమీ చెప్పదు.

నగలు

దక్షిణాది పాత నగల్లో కెంపులను పైకి ఉబ్బెత్తుగా సానపట్టి, అడుగున రేకు పెట్టి, వెనక మూసేసి, లోపల లక్క నింపి కడతారు. ఈ కట్టడంలోనే కొనేవాడు మోసపోయే చోటుంది. తూకంలో వచ్చే బరువంతా బంగారం కాదు. ఉదాహరణకు 80 గ్రాముల జడబిళ్ళల సెట్టులో రాళ్ళు 15, లక్క 25 గ్రాములు అనుకుంటే బంగారం 40 గ్రాములే. ఆ బంగారం కూడా 22 క్యారెట్లు కాకపోవచ్చు. మొత్తం బరువుకు నేటి ధర కట్టి, దాని మీద "పాతనగ" అని ఇంకొంత వేస్తే మీరు లక్కకు బంగారం ధర ఇచ్చినట్టు. లక్క ఎంతో కచ్చితంగా తెలియాలంటే నగ విప్పాలి, విప్పితే పాత కట్టడం పోతుంది. కాబట్టి ఇలాంటి నగలు చూసిన కంసాలిని వెంటబెట్టుకెళ్ళి అంచనా వేయించండి, తక్కువ వైపు అంచనాకే డబ్బివ్వండి.

స్వచ్ఛత చూసే యంత్రం పైపొరనే చదువుతుంది. పూత ఉంటే మోసపోతుంది. అరిగిన అంచు, కొక్కెం లోపలివైపు, వెనక రేకు, ఇలా కనీసం నాలుగైదు చోట్ల చదివించండి. టంకం పెట్టిన చోట తక్కువ చూపిస్తే కంగారుపడొద్దు, అది సహజం. 2021 జూన్ 16 నుంచి దుకాణాల్లో హాల్‌మార్క్ తప్పనిసరి చేయడం మొదలైంది. పాతనగకు హాల్‌మార్క్‌లో భాగమైన ఆరక్షరాల హెచ్‌యూఐడీ ముద్ర ఉందంటే ఎవరో ఈమధ్య పరీక్ష చేయించారన్నమాట, లేదా నగే ఈమధ్యది.

కాసులపేరులో కాసులు అసలు సవరన్లయితే (బ్రిటిష్ బంగారు నాణేలు) ఒక్కొక్కటి 7.98 గ్రాములు, అడ్డకొలత 22 మిల్లీమీటర్లు, 22 క్యారెట్లు. కొక్కెం అతికించినందుకు బరువు కాస్త పెరుగుతుంది, అరుగుదలకు కాస్త తగ్గుతుంది. నాణెం మీది సంవత్సరం నగ అంతకంటే పాతది కాదని మాత్రమే చెబుతుంది, ఆ ఏడే చేశారని చెప్పదు. 1918లో బొంబాయి టంకశాలలోనూ సవరన్లు కొట్టారు, వాటి మీద చిన్న "ఐ" అక్షరం ఉంటుంది. పేరులో ఉన్న నాణేలన్నీ ఒకే సంవత్సరం, ఒకే చోట ఒకే గీత పడి ఉంటే అవి అచ్చుపోసినవి. బరువు "తులాల్లో" చెబితే ఏ తులమో అడగండి. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు బజారు తులం 10.

కెంపుల్లో గాలిబుడగలు, గ్రామఫోను రికార్డు గాడుల్లా వంపు తిరిగిన గీతలు భూతద్దం కింద కనబడితే అది కర్మాగారంలో చేసిన కెంపు. ఇవి 1900ల తొలి దశాబ్దం నుంచి బజార్లోకి వచ్చాయి. "పద్దెనిమిదో శతాబ్దపు నగ" అన్నదాంట్లో అలాంటి రాయి ఒక్కటుంటే తర్వాత మార్చి ఉండొచ్చు, అన్నీ అవే అయితే నగే ఆ తర్వాతిది. అరుగుదల ఇక్కడా సాక్ష్యమే. వంకీ లోపలివైపు, వడ్డాణం మడతకీళ్ళు, ముక్కుపుడక కొక్కెం, పేరులో ఒకదానికొకటి ఒరుసుకునే వలయాలు అరిగి సన్నబడాలి. ముందువైపు మసి పట్టించి, వెనక రేకు తళతళలాడుతుంటే మీకు తెలిసిపోయినట్టే.

ఇలాంటి నగను నీళ్ళలో ముంచకండి. అల్ట్రాసోనిక్ యంత్రంలో అసలు పెట్టించకండి. నీళ్ళు రాయి కిందికి దిగితే రేకు నల్లబడి కెంపు వెలుగు చచ్చిపోతుంది, వేడికి లక్క కరిగి రాళ్ళు కదులుతాయి. మెత్తని పొడి బ్రష్, పొడి బట్ట చాలు.

బిద్రీ

బిద్రీ వస్తువు జింకు ఎక్కువ, రాగి కాస్త కలిపిన లోహం. వెండి తీగ, రేకు పొదిగాక బీదరు కోట మట్టిలో నవాసాగరం కలిపి రుద్దితే జింకు మాత్రం నల్లబడి, వెండి తెల్లగా మిగులుతుంది. నల్లరంగు వేసిన అల్యూమినియం, ఇనుము వస్తువులు ఈ పేరుతో తిరుగుతున్నాయి. ఇనుము అయస్కాంతానికి అంటుకుంటుంది, అల్యూమినియం చేతిలో తేలిగ్గా తెలుస్తుంది, రంగు అసిటోన్‌కు వస్తుంది. అసలు నలుపు రాదు. హుక్కా అడుగుపాత్ర గుండ్రని బంతిలా ఉంటే పాత తరహా, గంట ఆకారంలో ఉంటే తర్వాతిది. నలుపు వెలిసినట్టుంటే ఒక్క బొట్టు కొబ్బరినూనె బట్టకు రాసి తుడవండి. వెండి పాలిష్ ద్రావణంలో మాత్రం ముంచకండి.

బిల్లు మీద ఏముండాలి

వస్తువు పేరు, పదార్థం, ఎత్తు, బరువు, అమ్మేవాళ్ళు చెబుతున్న కాలం, ఎవరి దగ్గర నుంచి తమకు వచ్చింది, లైసెన్సు సంఖ్య, రిజిస్ట్రేషన్ సంఖ్య, చెప్పిన కాలం తప్పని తేలితే ఇన్నాళ్ళలోగా డబ్బు వాపసు ఇస్తామన్న వాక్యం. "పాత విగ్రహం, ఒకటి" అని రాసిన బిల్లు చెత్తబుట్టకు తప్ప దేనికీ పనికిరాదు. రెండు లక్షల రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. "బిల్లు లేకుండా అయితే తక్కువకిస్తాం" అన్న మాటకు లొంగితే రేపు మీరు అమ్మేటప్పుడు మీదగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. వేలంలో కొంటే పాడిన ధర మీద వేలం సంస్థ రుసుము, పన్ను కలుస్తాయి. పాటకు ముందే ఆ శాతాలు కలుపుకుని మీ గరిష్ఠ మొత్తం కాగితం మీద రాసుకోండి.

ఇంటికొచ్చాక

మన ఇళ్ళలో పాతవిగ్రహాలకు జరిగే పెద్ద అపకారం దసరాకో దీపావళికో చింతపండు పెట్టి తోమడం. చింతపండు, నిమ్మకాయ, తోమే పొడులు అన్నీ పాత పొరను తినేస్తాయి. తళతళలాడే విగ్రహంతో పాటు దాని విలువలో సగం తొట్టిలో కొట్టుకుపోతుంది. పంచామృతాభిషేకం కూడా భూమిలోంచి వచ్చిన కంచుకు పడదు. అభిషేకానికి కొత్త విగ్రహం పెట్టుకుని, పాతదానికి పువ్వు, అక్షింతలతో సరిపెట్టండి. కుంకుమ నేరుగా లోహం మీద వద్దు.

లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా కనబడి, తుడిస్తే పోయి, వారంలో మళ్ళీ అదే చోట వస్తోందంటే అది కంచుకు పట్టే జబ్బు. లోహంలో చిక్కుకున్న క్లోరైడు లవణాలు గాలిలో తేమతో కలిసి లోహాన్ని తింటుంటాయి. సముద్రతీరపు ఊళ్ళలో ఇది తొందరగా ముదురుతుంది. అనుమానం తీరాలంటే వస్తువును గాలి చొరబడని డబ్బాలో, తనకు తగలకుండా ఒక తడి దూది ఉండతో కలిపి ఒకటి రెండు రోజులు ఉంచండి. కొత్తగా లేతపచ్చ చుక్కలు వస్తే జబ్బు ఉన్నట్టే. అప్పుడు దూది తీసేసి, డబ్బాలో తేమ చూపే మీటరు, సిలికా జెల్ పెట్టి తేమ 40 శాతం లోపు ఉంచండి. మీటరు 40 దాటినప్పుడల్లా జెల్‌ను సుమారు 110 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెట్టి మళ్ళీ వాడొచ్చు. వంట చేసే ఓవెన్ ఇందుకు వాడకండి. బెంజోట్రయజోల్ వంటి మందులతో చికిత్స మ్యూజియం సంరక్షకుల పని, ఇంట్లో ప్రయత్నించే రసాయనం కాదది.

చెక్కబొమ్మ కింద సన్నని పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికి ఉంది. మిగతా వస్తువులకు దూరంగా ప్లాస్టిక్ సంచిలో కట్టి, సంరక్షకుణ్ణి పిలవండి. వార్నిష్ పుయ్యకండి.

ప్రతి వస్తువుకూ ముందు, వెనక, రెండు పక్కలు, అడుగు ఫొటోలు, పక్కన స్కేలు పెట్టి తీయండి. దెబ్బలు, అక్షరాలు విడిగా దగ్గరనుంచి తీయాలి. వీటి నకలు ఇంటి బయట ఎక్కడైనా దాచండి. దొంగతనం జరిగితే పోలీసులకు ఇచ్చేది ఇదే. రిజిస్టరైన వస్తువును అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా ఇచ్చినవాళ్ళు రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. శిల్పాలు, చిత్రాలు, నగలు ఆదాయపు పన్ను లెక్కలో మూలధన ఆస్తులు కాబట్టి లాభానికి పన్నుంటుంది, కొన్న బిల్లు అప్పటిదాకా పారేయకూడదు. వీలునామాలో "పూజసామాను" అని ఒక్కమాటలో రాసేయకుండా వస్తువు పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య రాయండి. వారసులు ఎవరైనా విదేశంలో ఉంటే వస్తువు వాళ్ళ పేరున ఉండొచ్చు, దేశం మాత్రం దాటకూడదు. ఎవరి సంరక్షణలో ఉంచాలో కూడా అందులోనే రాసిపెట్టండి.